సుత్తి కొట్టే జడ్జి, మెట్ల కింద వాచ్‌మన్

బాబూ,

నీ కథ అందింది. పదకొండో పేజీ దాకా పట్టుగా చదివాను. అక్కడ జడ్జిగారు సుత్తి తీసి బల్ల మీద కొట్టి "ఆర్డర్ ఆర్డర్" అన్నారు, నా ఉత్సాహం కాస్తా చల్లారిపోయింది. నేను స్టెనోగా చేరి రిటైరయ్యే దాకా కోర్టుల్లోనే ఉన్నదాన్ని. సుత్తి కొట్టే జడ్జిని ఒక్కణ్ణీ చూడలేదు, బట్టలో చుట్టిన భగవద్గీత పట్టుకొచ్చి ప్రమాణం చేయించే బంట్రోతునీ చూడలేదు. అవి సినిమావాళ్ల సొత్తు, వాళ్లకే వదిలెయ్. (మేడమ్ అని రాశావు, అక్కర్లేదు. అమ్మా అను, లేకపోతే ఏమీ అనకు. ఆంటీ అని మాత్రం అనకు.)

ఇంకోటి, విచారణంతా హైకోర్టులో నడిపించావు. మూసీ ఒడ్డున ఆ గుమ్మటాలూ ఆ ఎర్రరాయీ వర్ణించాలని ముచ్చటపడ్డావని తెలుస్తూనే ఉంది, 1920 నుంచీ ఉన్న భవనం, ముచ్చట పడాల్సిందే. కానీ సాక్షులు బోనెక్కేది కింది కోర్టుల్లో. పైకి వెళ్లాక కాగితాలు మాట్లాడతాయి, మనుషులు మాట్లాడరు. నీకు మనుషులు కావాలంటే నాంపల్లి క్రిమినల్ కోర్టుల వైపు పోవాలి.

సరే, ఇవన్నీ దిద్దుకునేవే, ఒక గీత గీస్తే పోతాయి. నా గొడవ వేరే ఉంది. మోజంజాహీ మార్కెట్ దగ్గర అర్ధరాత్రి కారు గుద్ది పళ్లబండి ముసలాయన పోతాడు, కారు నడిపింది బిల్డర్ కొడుకు, కుర్ర లాయరు పట్టుదలగా వాదిస్తాడు, జడ్జి రెండు పేజీల ఉపన్యాసం ఇచ్చి శిక్ష వేస్తాడు, కథ కంచికి. లాయరు మంచివాడు కాబట్టి మంచిపని చేశాడు, బిల్డర్ చెడ్డవాడు కాబట్టి డబ్బు వెదజల్లాడు, జడ్జి చాలా తెలివైనవాడు. వీళ్లలో ఒక్కరికైనా రాత్రి నిద్ర పట్టకుండా తేల్చుకోవాల్సిన సంగతి ఏమైనా ఉందా? ఉన్నది ఒక్కడికే, ఆరో పేజీలో ఒక ముక్క మాట్లాడి మాయమైన వాచ్‌మన్‌కి. కారు సెల్లార్‌లోకి రావడం, ముందు అద్దం పగిలి ఉండడం చూసింది అతనే. ఉండేది ఆ బిల్డర్ అపార్ట్‌మెంట్‌లోనే, మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన గదిలో. భార్య అదే బిల్డింగ్‌లో నాలుగిళ్లలో పనిచేస్తుంది. అతను నోరు విప్పితే సాయంత్రానికి సామాను రోడ్డు మీద ఉంటుంది. అలాంటివాడి చేత నువ్వు "నాకేం తెల్వదు సార్" అనిపించి పంపించేశావు, మళ్లీ అతని మొహం చూడలేదు. బాబూ, నీ కథ అతనిది.

సాక్షి ఎలా ఉంటాడో నీకు తెలియాలి. సమన్లు వచ్చిన రోజున కూలి మానుకుని పొద్దున్నే వస్తాడు, తన కేసు పిలిచేదాకా వరండాలో నిలబడతాడు, మధ్యాహ్నానికి ఎవరో ఒక లాయరు రాలేదని వాయిదా వేస్తారు. ఇలా కొన్నిసార్లయ్యాక బోనెక్కే అవకాశం వస్తుంది. ఒకసారి పూలమ్మే ఒకావిడ వచ్చింది, కొట్లాటలో ఒకడు కత్తిపోటుతో పోయిన కేసు, ఆమె కళ్లెదుటే జరిగింది. చేతిలో టిఫిన్ డబ్బా ఉన్న సంచి, బోనులోకి కూడా దాన్ని వదలకుండా తెచ్చుకుంది. పీపీగారు, అంటే సర్కారు తరఫు లాయరు, ఏమడిగినా ఆయన వైపు చూడదు, తలుపు వైపు చూస్తుంది. నేనూ అటు చూశాను. తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు, బెదిరించడం లేదు, ఏమీ లేదు, ఊరికే నిలబడి ఉన్నారు, ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె "చీకటుండె సార్, నాకు కనవడలే" అంది. అంతే. హోస్టైల్ అని, అంటే పిలిచినవాళ్లకే ఎదురుతిరిగిన సాక్షి అని ప్రకటించారు, పీపీగారు క్రాస్ చేశారు, పోలీసులకు ముందు చెప్పిందంతా చదివి వినిపించారు, అన్నిటికీ "నేను చెప్పలే" అంది. అరగంట మాటలు నా యంత్రంలో అరపేజీ అయ్యాయి. బయటికొచ్చాక నన్నే అడిగింది, "అమ్మా, బత్తా ఏడిస్తరు?" అని. సాక్షికిచ్చే దారిఖర్చు డబ్బులు.

ఆమె అబద్ధమాడిందని నాకు తెలుసు. చేసింది తప్పని నీ కథలో రాయాలా, పాపం అని రాయాలా అంటే రెండూ రాయకు. ఆ సంచి రాయి, ఆ తలుపు రాయి, బత్తా అడగడం రాయి. చదివినవాళ్లు రాత్రికి నిద్రపట్టక కొట్టుకుంటారు.

ఇదేదో ఈ కాలపు సంగతి అనుకునేవు. సభాపర్వం తీసి చూడు. ద్రౌపది ఏడుస్తూ సభకి రాలేదు, ముందు ప్రశ్న పంపింది. ధర్మరాజు తనను తాను ముందు ఓడిపోయాడా, నన్ను ముందు ఓడిపోయాడా, అడిగి రా పో అని, తనని పిలవడానికొచ్చిన దూత ప్రాతికామిని వెనక్కి తిప్పి పంపింది. ఎంత పదునైన లా పాయింటో చూడు, తను దాసుడైపోయాక ఇంకొకరిని ఒడ్డే హక్కు అతనికెక్కడిది? భీష్ముడంతవాడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు. విదురుడు ప్రహ్లాదుడి కథ చెప్పాడు, సొంత కొడుకు విరోచనుడికీ సుధన్వుడికీ ప్రాణాలు పణంగా పెట్టిన తగువొస్తే కొడుకుకి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన ప్రహ్లాదుడి కథ. తెలిసీ చెప్పని సాక్షిని వెయ్యి వరుణపాశాలు చుట్టుకుంటాయని అందులో ఉంది. విని ఎవరూ కదల్లేదు. కదిలింది వికర్ణుడు, దుర్యోధనుడి సొంత తమ్ముడు. వయసులో చిన్నవాడు లేచి, ఈమె ఓడిపోయినట్టు కాదు అని కారణాలతో సహా చెప్పాడు. కర్ణుడు పిల్లకాకివి కూర్చో అన్నట్టు కసిరేశాడు.

అందరూ వికర్ణుణ్ణి ఇక్కడే మెచ్చుకుని వదిలేస్తారు. ఆ తర్వాత ఏమైందో చూడు. అతను అన్నని వదిలి వెళ్లలేదు. యుద్ధంలో అటువైపే నిలబడ్డాడు, ద్రోణపర్వంలో భీముడి చేతిలోనే పోయాడు, చంపి భీముడే బాధపడ్డాడు. నిజం చెప్పినవాడు, చెప్పాక కూడా ఆ ఇంట్లోనే అన్నం తిన్నవాడు. ఆ సభ రోజుకీ యుద్ధానికీ మధ్య ఉన్న పదమూడేళ్లలో అన్నదమ్ములు అతనితో ఎలా మాట్లాడి ఉంటారు? నాకు ఓపికుంటే అది రాసేదాన్ని, లేదు, నువ్వు రాసుకో.

కన్యాశుల్కం మళ్లీ చదువు, గిరీశం కోసం కాకుండా ఈసారి ఖూనీ కేసు కోసం చదువు. లుబ్ధావధాన్లు పెళ్లాన్ని చంపాడని కేసు. ఆ పెళ్లామే లేదు! పెళ్లికూతురు వేషం వేసింది కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, వేషం తీసేసి వెళ్లిపోయాడు. పుట్టని పిల్లని చంపినందుకు ముసలాయన మెడకి ఉరి బిగిసే పరిస్థితి. నిజం తెలిసిన మనిషి మధురవాణి, పైగా ఆ నాటకంలో ఆమె చెయ్యి కూడా ఉంది. ముసలాయన్ని కాపాడాలని చూస్తున్న సౌజన్యారావు పంతులు నిక్కమైన మనిషే, కానీ సానిదాని మొహం చూడనని నియమం పెట్టుకున్నాడు. అంటే కేసు తేల్చే నిజం ఎవరి దగ్గరుందో ఆ మనిషిని ఆయన గుమ్మం ఎక్కనివ్వడు. అందుకని ఆమె మగవేషంలో వచ్చింది. నిజం చెప్పడానికి ఒక ముద్దు ధర కట్టింది, చివరికి ఆయన సిద్ధపడితే తనే వద్దంది, చెడనివాళ్లని చెడగొట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందని. ఈ సీన్‌లో విచారణ ఎవరిది? కేసేమో లుబ్ధావధాన్లుది, నిలదీత పంతులుగారి నీతికి. గురజాడ దీన్ని 1897లో అచ్చేసి, తృప్తి లేక 1909లో తిరగరాశాడు, కాబట్టి నీ కథ మళ్లీ రాయమంటే మొహం ముడుచుకోకు.

జడ్జి మీద అంత మోజుంటే జడ్జినే రాయి, కానీ దావర్ లాంటివాణ్ణి రాయి. 1897లో తిలక్ మీద రాజద్రోహం కేసు పడితే బెయిల్ కోసం వాదించిన లాయరు దిన్షా దావర్. 1908లో అదే తిలక్ మళ్లీ అదే నేరం కింద బొంబాయి హైకోర్టుకి వస్తే పైన కూర్చున్న జడ్జి దావరే. ఆరేళ్ల ప్రవాసశిక్ష వేసి మాండలే పంపాడు. అతన్ని ద్రోహి అని రాయడానికి పది నిమిషాలు చాలు. తీర్పు చదువుతున్నప్పుడు పదకొండేళ్ల కిందటి తన వాదన అతనికి గుర్తొచ్చిందా, గుర్తొస్తే ఏం చెప్పుకున్నాడు, ఇది చేతనైతే రాయి. ఆ తర్వాత 1922లో అహ్మదాబాద్‌లో గాంధీ నేరం ఒప్పేసుకున్నాడు, జడ్జి బ్రూమ్‌ఫీల్డ్ ఎంతో మర్యాదగా మాట్లాడి, తిలక్‌కి వేసినట్టే ఆరేళ్లు వేశాడు, ప్రభుత్వం తగ్గిస్తే తనకంటే సంతోషించేవాడు ఉండడని కూడా అన్నాడు. మర్యాదగా వేసినా ఆరేళ్లు ఆరేళ్లే కదా.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి, రాయబుద్ధి కాకపోయినా. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే ఆమె భర్త దెబ్బలకి చనిపోయాడు, ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. అక్కడ ఆమె ఫిర్యాది, కానీ గుచ్చి గుచ్చి అడిగింది ఆమె నడవడి గురించి. కమిషన్ పోలీసులదే తప్పంది. కేసు రాయచూరు కోర్టుకి మారింది, అక్కడ పోలీసుల్ని విడిచిపెట్టేశారు. ఆమె పేరు అందరికీ తెలుసు, అయినా నేను రాయను, నువ్వూ రాయకు. బాధితురాల్ని కథలోకి తెచ్చేటప్పుడు ఆమెని ఎంత పవిత్రంగా చిత్రిస్తున్నావో కాస్త చూసుకో. నీ పళ్లబండి ముసలాయన్ని కూడా తాగుడు లేని, కోపం రాని, మనవరాలికి జామకాయలు దాచే దేవుణ్ణి చేశావు. తాగుబోతైతే అతని చావుకి న్యాయం అక్కర్లేదా? పొద్దున పక్క బండివాడితో బూతులు తిట్టుకోనీ అతన్ని.

తీర్పు దగ్గర కథ ఆపడం కూడా నాకు నచ్చలేదు. సికిందరాబాద్ కుట్ర కేసు 1974లో పెట్టారు, ముద్దాయిల్లో కవులూ రచయితలూ ఉన్నారు. 1989లో కొట్టేశారు. ఆ ముద్దాయిల్లో ఒకడైన కవి చెరబండరాజు 1982లోనే చనిపోయాడు. కొట్టేశారనే మాట ఆయన ఇంటికి ఎలా వెళ్లి ఉంటుందో ఊహించుకో, అప్పుడు నీ చివరి పేజీలో లాయరుకి చప్పట్లు కొట్టించబుద్ధి కాదు.

ఇక చెయ్యాల్సింది. వచ్చే వారం ఆఫీసుకి ఒక సెలవు పెట్టి నాంపల్లి క్రిమినల్ కోర్టుకి పో, ఎవరూ ఆపరు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక బెంచీలో కూర్చో. పొద్దున కాల్ వర్క్ నుంచీ, అంటే ఆ రోజు కేసుల్ని వరసగా పిలవడం దగ్గర్నుంచీ ఉండు. లాయర్ల వైపు ఎక్కువ చూడకు, వాళ్లు చూడాలనే మాట్లాడతారు. వరండాలో కూర్చున్నవాళ్లని చూడు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు ఎవరికి టీ ఇప్పిస్తున్నారో చూడు. రావిశాస్త్రిగారి ఆరు సారా కథలు దొరికితే ముందే చదువుకుని పో, విశాఖలో వకీలుగా ఉన్న మనిషి, కేసు అంటే ఏమిటో తెలిసి రాశారు. ఆయనలా రాయబోకు, ఆ యాస నీకు రాదు.

వాచ్‌మన్ కథ రాసి పంపు. సాక్ష్యం చెప్పాడా లేదా అన్నది ముందే తేల్చుకుని కూర్చోకు, భార్యతో మాట్లాడించు ముందు, ఆ మీటర్ల గదిలో, పిల్లలు పడుకున్నాక. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెట్టకు, నాకు ఫోన్లో చదవడం చేతకాదు. ప్రింట్ తీసి, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి, దసరా దాటాక తీసుకురా. అంతదాకా ఇంట్లో చుట్టాలుంటారు.

ఉంటాను.