ఇనుప టోపీ మీద రంగు ఎప్పటిది?

(పాత సామాన్ల గురించి పాఠకుల ప్రశ్నలు. జవాబులిచ్చేది రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు పెయింటు షాపులో పనిచేసి రిటైరైన మన శీర్షిక రచయిత.)

ప్రశ్న: వన్‌టౌన్‌లో పాత ఇనుప సామాన్ల కొట్లో మిలిటరీ ఇనుప టోపీ చూశాను. మూకుడు బోర్లించినట్టుంది. ఆకుపచ్చ, మట్టి, ఇసుక రంగుల మచ్చలున్నాయి. అంచు కింద టాటా అనీ 1942 అనీ గుద్ది ఉంది. బర్మా యుద్ధం నాటి రంగు అని కొట్టాయన పన్నెండు వేలు చెబుతున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, భవానీపురం

జవాబు: టోపీ వేరు, రంగు వేరు. రెండింటికీ కలిపి బేరం ఆడకండి.

మీరు చెప్పిన ముద్రను బట్టి అది బ్రిటిష్ వాళ్ళ మార్క్ 2 రకం. ఈ నమూనా 1938లో వచ్చింది, యుద్ధకాలంలో మన దేశంలోనూ తయారైంది. ఆ ముద్ర ఇనుము వయసు చెబుతుందే గాని పైపూత వయసు చెప్పదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన సైన్యం, పోలీసులు ఈ టోపీలనే ఏళ్ళ తరబడి వాడారు. చేతులు మారినప్పుడల్లా ఓ పూత పడింది. ఆ పైన నాటకాల వాళ్ళు, బేరగాళ్ళు కూడా చెయ్యి వేసి ఉంటారు. పైగా బర్మాలో పోరాడిన 14వ సైన్యం వాళ్ళు చాలామంది ఫెల్ట్ టోపీలే పెట్టుకున్నారు. ఇనుప టోపీకి వల తొడిగి ఆకులు, గోనె పీలికలు గుచ్చడం మామూలు. మూడు రంగుల మచ్చలంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

నడినెత్తిన ఒక మర ఉంటుంది, చూడండి. లోపలి అట్ట, తోలు అంతా ఆ ఒక్క మర మీదే నిలబడుతుంది. మర తల మీంచి టోపీ మీదికి మచ్చ ఎక్కడా తెగకుండా పారి, ఆ సందులో పాత మట్టి పేరుకుని ఉంటే, రంగు వేశాక ఎవరూ దాన్ని విప్పలేదని అర్థం. అది మంచి గుర్తు. మర తళతళలాడుతూ చుట్టూ రంగు మాత్రం పాతగా కనిపిస్తే, ఎవరో విప్పి ముచ్చట తీర్చుకున్నారు. కొట్టాయన ఒప్పుకుంటే మీరే మెల్లగా విప్పించండి. లోపలి అట్ట కింద నెత్తి భాగంలో ఎండ, చెయ్యి తగలని మొదటి పూత దాక్కుని ఉంటుంది. దాని పక్కన పెట్టి పై మచ్చలను పోల్చండి.

తర్వాత భూతద్దంతో అంచు చూడండి. నేల మీద పెట్టీ, చేత పట్టీ అక్కడ రంగు ముందు అరగాలి. అరిగిన చోట పూతలు ఒకదాని కింద ఒకటి మెట్లు మెట్లుగా బయటపడతాయి. గుంటలు పడ్డ తుప్పులోకి మచ్చ రంగు దిగి ఉంటే తుప్పు ముందు, రంగు తర్వాత. 1942లో కొత్త టోపీకి అంత తుప్పు ఎక్కణ్ణుంచి వస్తుందండీ! అరుగుదల అంతా నెత్తిన, కంటికి కనబడే చోటే ఉంటే అది గరుకు కాగితం పని. నా సర్వీసంతా ఆ గీతలు చూస్తూనే గడిచింది, నన్ను మాత్రం మోసం చెయ్యలేరు.

నేనైతే మచ్చల్ని లెక్కలో వెయ్యను. ఉత్త టాటా టోపీ ధర ఎంతో నాలుగు చోట్ల కనుక్కుని ఆ ధరకే అడుగుతాను.

ప్రశ్న: మా తాతగారు ఆఫ్రికా ఎడారి యుద్ధం నుంచి తెచ్చిన ఇసుక రంగు టోపీకి వెనక అంచున వరసగా మూడు చిల్లులున్నాయి. తూటా పరీక్షలో తప్పిన సరుకని మా బావ వెక్కిరిస్తున్నాడు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ బావగారు విన్నది పూర్తిగా గాలివార్త కాదమ్మా. బ్రిటన్‌లో నాసిరకం టోపీలకు అంచున చిల్లులు పొడిచి పౌర రక్షణ దళాలకు ఇచ్చేవారు. కానీ వెనక వైపు వరసగా మూడంటే అది దక్షిణాఫ్రికా తయారీ, మెడ మీదికి ఎండ పడకుండా గుడ్డ కట్టుకోవడానికి పెట్టినవి. ఉత్తరాఫ్రికాలో మన 4వ భారత డివిజన్ పోరాడిన యుద్ధంలోనే దక్షిణాఫ్రికా వాళ్ళూ ఉన్నారు. కాబట్టి తాతగారి చేతికి రావడంలో వింతేమీ లేదు. రంగులో ఇసుక కలిసి వేలికి గరుగ్గా తగులుతోందా? ఎండకు మెరవకుండా అలా చేసేవారు. దాన్ని నున్నగా తోమించకండి.

ప్రశ్న: పై రంగు గీకితే అసలు రంగు బయటికొస్తుందా?
– ఒక విద్యార్థి, పటమట

జవాబు: వద్దు బాబూ. పాత రంగుల్లో సీసం ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. థిన్నర్ కూడా ముట్టుకోవద్దు, కింది పూత కూడా కలిసిపోయి వస్తుంది. పొడి గుడ్డతో దుమ్ము దులిపి, వానాకాలం బీరువా అడుగు అరలో పెట్టకుండా పై అరలో పెట్టు.