పాఠకుల ప్రశ్నలు: ప్రపంచ పన్ను, మన ఖజానా

ప్రశ్న: బహుళజాతి కంపెనీలు ఎక్కడున్నా కనీసం 15 శాతం పన్ను కట్టాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి కదా. విదేశీ డిజిటల్ కంపెనీల నుంచి మనకేమైనా వస్తుందా? (పాఠకుడు, విజయవాడ)

జవాబు: దాదాపు ఏమీ రాదు. ఒప్పందం రాసిన తీరే అలాంటిది.

అది ఏడాదికి 75 కోట్ల యూరోల టర్నోవర్ ఉన్న పెద్ద గ్రూపులకే. ఒక గ్రూపు పన్ను తక్కువున్న దేశంలో 100 కోట్ల లాభం చూపించి, 5 కోట్లే కట్టిందనుకోండి. 10 శాతం తగ్గింది. అయినా మొత్తం లాభం మీద ఆ 10 శాతం వేయరు. అక్కడి జీతాల్లో, యంత్రాలు, భవనాల విలువలో కొంత శాతాన్ని ముందు మినహాయిస్తారు. ఈ శాతం ఏటా తగ్గుతూ 2033కి 5కి దిగుతుంది. అప్పటి లెక్కన జీతాలు 40 కోట్లు, ఆస్తులు 60 కోట్లు ఉంటే 5 కోట్లు పోను, 95 కోట్ల మీద 9.5 కోట్లు పడుతుంది.

ఆ సొమ్ము మీద మొదటి హక్కు, చట్టం చేసుకుంటే, లాభం చూపించిన ఆ దేశానిదే! తర్వాత మాతృసంస్థ ఉన్న దేశానిది. వాళ్లిద్దరూ వదిలేస్తేనే ఉద్యోగులు, ఆస్తులు ఉన్న మిగతా దేశాలకు. మన దగ్గర కోట్లమంది వాడుతున్నారన్న కారణంగా పైసా రాదు. పైగా 2025 జూన్‌లో జీ7 దేశాలు అమెరికా గ్రూపులను చివరి రెండు వరసల నుంచీ తప్పించడానికి ఒప్పుకున్నాయి.

వాడేవాళ్లున్న దేశానికి వాటా ఇచ్చే భాగం వేరే ఉంది. 2,000 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన గ్రూపుల లాభం టర్నోవర్‌లో 10 శాతానికి మించితే, ఆ మించిన దాంట్లో పావు వంతు పంచాలి. కానీ అది అమలు కావాలంటే ఆ గ్రూపుల మాతృసంస్థల్లో 60 శాతానికి నిలయమైన దేశాలు ఆమోదించాలి. ఆ గ్రూపుల్లో చాలా అమెరికావే కాబట్టి తాళంచెవి అమెరికా చేతిలోనే.

ఈలోగా విదేశీ డిజిటల్ సంస్థలకు ఇక్కడి నుంచి వెళ్లే సొమ్ము మీద వేసే మన పన్ను, ఈక్వలైజేషన్ లెవీని మనమే తీసేశాం: ఈ-కామర్స్ మీది 2 శాతం 2024 ఆగస్టు 1న, ఆన్‌లైన్ ప్రకటనల మీది 6 శాతం 2025 ఏప్రిల్ 1న. ఆ 6 శాతంలో లోపం లేకపోలేదు. విదేశీ సంస్థకు 10 లక్షల ప్రకటన ఇస్తే పన్నుగా 60 వేలు పట్టుకోవాల్సి వచ్చేది. ఆ సంస్థ బిల్లు తగ్గించకపోతే ఇక్కడి వ్యాపారే భరించేవాడు. దాన్ని సరిదిద్దాల్సింది. దాని స్థానంలో మరో రాబడి చేతికి రాకముందే వదులుకోవడం తప్పు.

ప్రశ్న: ప్రభుత్వ వృథా ఖర్చు లెక్కలు మామూలు మనిషి ఎక్కడ చూడాలి? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం పేరు ఎంచుకుని, రాష్ట్ర ఆర్థిక స్థితి మీది ఆడిట్ నివేదిక తెరవండి. అందులో ముందు బడ్జెట్ నిర్వహణ అధ్యాయం చదవండి. అసలు కేటాయింపే మిగిలిపోయినా అనుబంధ గ్రాంటు (ఏడాది మధ్యలో అదనపు కేటాయింపు) తీసుకున్న శాఖలేవో చూడండి. తర్వాత మార్చి నెల ఖర్చు. కేంద్ర శాఖలకైతే ఏడాది మొత్తంలో 15 శాతం మించకూడదన్న పరిమితి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, లెక్కల నాణ్యత మీది అధ్యాయంలో ఉండే పీడీ ఖాతాలు, అంటే అధికారుల పేర ఉండే పర్సనల్ డిపాజిట్ ఖాతాలు. మార్చి 31లోగా డబ్బు అందులోకి మారిస్తే పద్దులో ఖర్చయినట్టే, పని మొదలుకాకపోయినా. అందుకే ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రాల్లో పెండింగ్ ఉన్నవాటి పట్టిక కూడా పక్కన పెట్టుకుని చదవండి.