పెన్న బురదలో కేడీయం జాడ

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా నాన్న బంగారు పని చేసేవాడు. అప్పట్లో కేడీయంతో అతుకులు వేసి, కడిగిన నీళ్ళు వీధి కాలువలోనే పోసేవాళ్ళం. నది సముద్రంలో కలిసే చోట బురదలో ఇలాంటి లోహాలు ఏమవుతాయో చూడటానికి రేడియోధార్మిక పదార్థాలు వాడతారని చదివాను. ఉన్న విషం చాలదని ఇంకో విషం కలపడమేంది సార్?

జవాబు: నదిలో కలపరు సామీ, సీసాలో కలుపుతారు. కడప కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పిన నాకూ మొదట ఇదే అనుమానం.

మీ కేడీయంలో ఉండేది కాడ్మియం. 321 డిగ్రీలకే కరుగుతుంది, అందుకే అతుకు పనికి అంత గిరాకీ. దాని పొగ ఊపిరితిత్తులకు చేటు, ఒంట్లో చేరితే మూత్రపిండాలకు చేటు.

చిక్కేమిటంటే, బురదలో కాడ్మియం ముందే కొంత ఉంటుంది. ఈరోజు మరికొంత పడితే అది బురదను పట్టుకుందో, నీళ్ళలోనే ఉండిపోయిందో మామూలు పరీక్షలో తేలదు. ఇద్దరి బంగారం ఒకే మూసలో కరిగాక ఏది ఎవరిదని చెప్తారు? కాడ్మియం-109 అనే రేడియోధార్మిక రకం గుణంలో మామూలు కాడ్మియమే. కాకపోతే గామా కిరణాలు వదులుతూ తన ఉనికి తానే చెప్పుకుంటుంది.

సీసాలో నీళ్ళు, చెంచాడు బురద, తూకానికి అందనంత కాడ్మియం-109 వేసి గంటల తరబడి ఊపుతారు. వడగట్టి బురదనూ నీళ్ళనూ విడివిడిగా కౌంటర్‌లో, అంటే ఆ కిరణాలను లెక్కపెట్టే యంత్రంలో పెడతారు. మామూలు పరీక్షలోలా బురదను యాసిడ్‌లో ఉడికించే బాధ లేదు. తర్వాత ఉప్పు పెంచుతూ మళ్ళీ మళ్ళీ అదే పని. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది: మంచినీళ్ళలో బురదను పట్టుకున్న కాడ్మియం, ఉప్పు పెరిగేకొద్దీ పట్టు వదిలేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని నీళ్ళలోకి లాగేస్తుంది. సీసం అలా కాదు, మొండిది, అంత తేలిగ్గా బురదను విడవదు.

కాడ్మియం-109 సగం తగ్గడానికి సుమారు 15 నెలలు పడుతుంది. వాడేసిన బురదను మనలాగా కాలువలో పారబోయడానికి లేదు, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలున్నాయి. అసలు నీళ్ళలో ఎప్పుడూ వదలరని మాత్రం అనను. ఓడరేవుల్లో ఒండ్రు ఎటు కొట్టుకుపోతుందో చూడటానికి మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళు స్కాండియం-46 అనే రేడియోధార్మిక లోహం వాడారు. అది 84 రోజులకే సగమవుతుంది.

ఇక మీ కాలువ నీళ్ళ సంగతి. పెన్న సముద్రం చేరేలోపు సోమశిల జలాశయం ఉంది, ఒండ్రు చాలావరకు అక్కడే దిగుతుంది. పైగా అవి మంచినీళ్ళు, కాడ్మియం బురదను పట్టుకునే ఉంటుంది. మీ కేడీయాన్ని వెతకాలంటే ముందు అక్కడి బురద తీయాలి.