లెక్క సరే, 37.3 ఎందుకు వచ్చింది?

2.24 గ్రాముల లోహం ఆక్సిజన్‌తో కలిసి 3.20 గ్రాముల ఆక్సైడ్ ఇచ్చింది, అందులో రెండు లోహ పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు, లోహం పరమాణు భారం ఎంత అన్నది మీ ప్రశ్న. మీకు 37.3 వచ్చింది, పుస్తకంలో జవాబు 56.

ఆక్సిజన్ 3.20 − 2.24 = 0.96 గ్రాములు. దాన్ని ఆక్సిజన్ పరమాణు భారం 16తో భాగిస్తే 0.06 మోల్‌లు (పరమాణువులను లెక్కపెట్టే కొలత). ఇంతవరకూ మీరు చేసిందీ ఇదే. ఆ తర్వాత 2.24ను నేరుగా 0.06తో భాగించేశారు. అంటే ఒక లోహ పరమాణువుకు ఒక ఆక్సిజన్ చొప్పున అనుకున్నట్లే. మూడింటికి రెండే ఉన్నాయి కాబట్టి లోహం 0.04 మోల్‌లు. 2.24 ÷ 0.04 = 56. ఇనుము.

ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను అల్యూమినియంతో ఇదే పని చేశాను. 5.4 గ్రాముల లోహం, 4.8 గ్రాముల ఆక్సిజన్. 18 అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మాస్టారు తప్పు అనలేదు. గోడమీది ఆవర్తన పట్టిక దగ్గరికి పిలిచి, "నీ లోహం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నారు. 16 దగ్గర ఆక్సిజన్, 19 దగ్గర ఫ్లోరిన్. నా వేలు ఆ రెంటి మధ్య గీత మీద ఆగిపోయింది.

తర్వాత తెలిసింది, ఇండియం అనే లోహం విషయంలో పెద్దవాళ్లూ ఇలాగే పొరబడ్డారని. 1863లో జర్మనీలో దాన్ని కనుగొన్నాక, ఆక్సైడ్‌లో ఒకటికి ఒకటి అనుకుని పరమాణు భారం సుమారు 76 అన్నారు. ఆర్సెనిక్ 75, సెలీనియం 79. మధ్యలో దీనికి చోటు లేదు. ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ రెండుకు మూడు అన్నాడు. 76 కాస్తా 114 అయి, కాడ్మియం, తగరాల మధ్య కుదురుకుంది. తూకం మాత్రం పాతదే.

ల్యాబ్‌లో చేసినా ఇంత కచ్చితంగా వస్తుందా అని కూడా అడిగారు. నాకు రాలేదు. మూసలో 0.48 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్ కాల్చాను. 0.80 గ్రాముల ఆక్సైడ్ రావాలి, 0.78 వచ్చింది. ఈ ఆక్సైడ్‌లో మాత్రం ఒకటికి ఒకటే, దాంతో 24 రావాల్సిన చోట 25.6 తేలింది. మంట చూద్దామన్న ఆత్రంతో మూత పూర్తిగా ఎత్తాను, ఆ 0.02 గ్రాములు తెల్లటి పొగై కళ్లముందే వెళ్లిపోయాయి.