బరువు తగ్గని నడకతో లాభం ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 84 కిలోలు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడుస్తున్నా కిలో బరువు కూడా తగ్గలేదు. అయితే ఇదివరకు రెండో అంతస్తుకు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. బరువు తగ్గని నడక దండగని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకు కనిపిస్తున్న మార్పు నిజమేనా, నా భ్రమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీకు కనిపిస్తున్న మార్పు నిజమే. పనిచేసే కండరాలకు ఆక్సిజన్‌ను అందించగల శక్తినీ, ఆ కండరాలు దాన్ని వాడుకోగల శక్తినీ కలిపి ఏరోబిక్ సామర్థ్యం అంటారు. మెట్ల మీద ఆగాల్సిన అవసరం తప్పిందంటే మీలో ఆ సామర్థ్యం పెరిగిందన్నమాట. బరువు తూచే యంత్రం దీన్ని చూపించలేదు.

దాదాపు మీలాంటి వారితోనే అమెరికాలోని డాలస్‌లో కూపర్ ఇన్‌స్టిట్యూట్ ఒక పెద్ద అధ్యయనం జరిపింది. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ముట్లుడిగి, అధిక బరువు లేదా స్థూలకాయంతో పాటు బీపీ కూడా ఎక్కువగా ఉండి, వ్యాయామం అలవాటు లేని 464 మంది మహిళలు అందులో పాల్గొన్నారు. వారిలో కొందరిని ఎప్పటిలాగే ఉండమని చెప్పి, మిగతావారిని మూడు బృందాలుగా చేసి, వారానికి సుమారు 72, 136, 192 నిమిషాల చొప్పున ఆరు నెలల పాటు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, సైకిలు తొక్కించారు. వేగం ఓ మోస్తరుగానే ఉంచారు. వ్యాయామం చేయనివారితో పోలిస్తే ఈ మూడు బృందాల్లో ఏరోబిక్ సామర్థ్యం వరుసగా 4.2, 6, 8.2 శాతం పెరిగింది. బరువులో మాత్రం బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. అన్నిటికంటే నేను విలువైనదిగా భావించేది ఆ మొదటి అంకెనే, ఎందుకంటే రోజుకు పది నిమిషాలకు మించి తీరిక దొరకని గృహిణికి కూడా దానిలో భరోసా ఉంది. మీరు చేస్తున్నది వారానికి 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే కనీస పరిమితి కూడా అదే.

లోపల జరిగేది ఏమిటంటే, వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి, గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం ఎక్కువవుతుంది. కాబట్టి అవే మెట్లెక్కడానికి అది ఇదివరకంత వేగంగా కొట్టుకోనక్కర్లేదు. వారాలు గడిచేకొద్దీ తొడల్లో, పిక్కల్లో సన్నని రక్తకేశనాళికలు పెరుగుతాయి, ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కూడా పెరుగుతాయి. కొవ్వు కరిగినా కరగకపోయినా ఈ మార్పులు వస్తాయి. స్థూలకాయం ఉన్నా మంచి ఏరోబిక్ సామర్థ్యం గల పురుషుల కంటే, సన్నగా ఉండి ఆ సామర్థ్యం లేని పురుషుల్లోనే మరణాల ముప్పు ఎక్కువని ఇదే సంస్థ పరిశోధకులు 1999లో చూపించారు. మీ ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇకపై నడక సమయంతో పాటు వేగం మీద కూడా దృష్టి పెట్టండి. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్న 300 మందితో 24 వారాలు జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. వ్యాయామం చేసిన బృందాలన్నిటిలో నడుము చుట్టుకొలత ఇంచుమించు ఒకేలా తగ్గింది కానీ, ఏరోబిక్ సామర్థ్యం మాత్రం వేగంగా చేసినవారిలోనే ఎక్కువగా పెరిగింది. తక్కువసేపు, నెమ్మదిగా చేసినవారిలో పదిమందికి దాదాపు నలుగురిలో మెరుగుదల కనిపించలేదు. వేగంగా చేసిన బృందంలో చివరిదాకా కొనసాగినవారిలో అలాంటివారు ఒక్కరూ లేరు.

మీ అరగంట నడకలో మధ్యమధ్య రెండేసి నిమిషాలు, మాటలు తెగుతూ వచ్చేంత వేగంగా నడిచి, ఆ తర్వాత మామూలు నడకకు రండి. అయితే మీకు బీపీ ఉంది కాబట్టి, వేగం పెంచే ముందు మీ డాక్టరును ఒకసారి సంప్రదించండి. మీరు వేసుకునే మాత్ర అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటిదైతే అది నాడి వేగాన్ని అణచి ఉంచుతుంది కాబట్టి, వాచీలో కనిపించే అంకెను నమ్ముకోకుండా ఊపిరిని బట్టే వేగం చూసుకోండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి వైద్యుడికి చూపించుకోవాలి.

ప్రశ్న: తిండి తగ్గించి ఏడాదిలో 102 కిలోల నుంచి 90 కిలోలకు వచ్చాను. వ్యాయామం చేయలేదు. నా ఏరోబిక్ సామర్థ్యం కూడా పెరిగినట్టేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: బరువు తగ్గించుకోవడం మంచి పని, అభినందనలు. కానీ ఈ సామర్థ్యాన్ని సాధారణంగా, నిమిషానికి శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌ను కిలోల బరువుతో భాగించి చెబుతారు. ఉదాహరణకు మీరు నిమిషానికి 2,250 మిల్లీలీటర్లు వాడుకోగలరనుకుందాం. 102 కిలోల బరువుకు అది కిలోకు 22, అదే 90 కిలోలకు 25 అవుతుంది. గుండె, కండరాలు ఏమీ మారకపోయినా అంకె పెరిగింది. మోయాల్సిన బరువు తగ్గింది కాబట్టి మెట్లెక్కడం తేలికయ్యే మాట నిజమే. కానీ ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి పెరగాలంటే వ్యాయామమే చేయాలి. పైగా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది. అందువల్ల ఈ వారమే నడక మొదలుపెట్టండి; మోకాళ్లు నొప్పి పెడితే సైకిలు తొక్కండి. రెండు మూడు వారాలు మానేస్తే పెరిగిన సామర్థ్యం మళ్లీ తగ్గడం మొదలవుతుంది కాబట్టి, ఊరికి వెళ్లినా, పెళ్లిళ్ల హడావిడిలో ఉన్నా వారానికి రెండు మూడు రోజులైనా విడవకండి.