రీసెట్ బటన్ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ ఇంట్లో నెట్ సరిగా రావడం లేదనీ, రోజుకు రెండు మూడుసార్లు రౌటర్‌ను ఆపి మళ్లీ వేస్తున్నావనీ, కొత్తది కొనమంటారా అనీ అడిగావు. ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. పైగా నెట్ ఆగిపోయిన రోజున నెట్‌లో వెతుక్కోవలసిన సలహా ఎందుకూ కొరగాదు. కాగితమైతే రౌటర్ పక్కనే పెట్టుకోవచ్చు.

"నెట్ సరిగా రావడం లేదు" అన్న నీ మాట దగ్గరే మొదలుపెడతాను. చాలా ఏళ్లు లైన్ల మీద పనిచేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఆ మాటలో పని చేసేవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అసలు రావడం లేదా, వచ్చి పోతూ ఉందా, వస్తున్నా నెమ్మదిగా ఉందా, ఇంట్లో అందరికీ అలాగే ఉందా, నీ ఫోనుకు మాత్రమేనా అన్నవి నాలుగు వేర్వేరు జబ్బులు, వాటికి మందులూ వేరు. బయటి నుంచి గోడలోంచి వచ్చే ఫైబర్ ఒక ముక్క, ఆ తీగలోని వెలుగును మామూలు సిగ్నల్‌గా మార్చే ఓఎన్‌టీ డబ్బా రెండవది, రౌటర్ మూడవది (ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటున్నాయి), రౌటర్ నుంచి ఫోను దాకా ఉన్న వైఫై నాలుగవది, చివరిది ఫోను. ఈ గొలుసులో ఏ కొస దగ్గర తెగిందో తేలేవరకు ఏదీ కొనవద్దు, ఏ సెట్టింగూ మార్చవద్దు.

అన్నిటికన్నా ముందు, వెనకవైపు చిన్న రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ జోలికి పోవద్దు. పవర్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. పవర్ ఆపితే రౌటర్ కాసేపు నిద్రపోయి లేస్తుంది. ఆ బటన్‌ను పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మాత్రం తన పేరే మరిచిపోయి కొత్తగా పుట్టినట్టు లేస్తుంది. నీ వైఫై పేరు, పాస్‌వర్డు, అంతకన్నా ముఖ్యంగా కంపెనీవాళ్లు మొదటి రోజున ఎక్కించి వెళ్లిన పీపీపీఓఈ (రౌటర్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ పేరు, దాని పాస్‌వర్డు అన్నీ చెరిగిపోతాయి. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేనే ఒకసారి విసుగుతో ఆ పని చేశాను. అప్పటివరకు నెమ్మదిగానైనా వచ్చే నెట్ పూర్తిగా పోయింది, ఆ యూజర్ పేరు ఎక్కడా రాసిపెట్టుకోలేదు, మనిషి వచ్చి మళ్లీ ఎక్కించేదాకా మూడు రోజులు కూర్చున్నాను. తీరా చూస్తే అసలు లోపం ఒక కేబుల్‌లో ఉంది.

ఇక లైట్ల సంగతి. ఓఎన్‌టీ ముందువైపు ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలిగితే గానీ, ఎర్రగా మెరుస్తూ ఉంటే గానీ, వెలుగు డబ్బా దాకా రావడం లేదని అర్థం. అప్పుడు రౌటర్‌ను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. పాన్ అన్న లైటు నిలకడగా పచ్చగా ఉంటే అవతలి కొసతో డబ్బా మాట కలిపిందని, మెరుస్తూనే ఉంటే కలపడానికి ఇంకా ప్రయత్నిస్తోందని అర్థం. ఈ రెండూ సవ్యంగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రమే వెలగకపోయినా, ఎర్రగా ఉన్నా, తీగ బాగుంది, లోపం లాగిన్ దగ్గర ఉంది: యూజర్ పేరు తప్పు కావచ్చు, గడువు తీరి ఉండవచ్చు, లేదా కరెంటు పోయి వచ్చాక పాత లాగిన్ అవతలి సర్వర్‌లో ఇంకా సజీవంగా ఉండి కొత్తదాన్ని రానివ్వకపోవచ్చు. ఆ చివరిదానికి మందు, రౌటర్‌ను పది నిమిషాలు ఆపి ఉంచడమే. అర నిమిషంలో ఆపి వేసేవాళ్లకు ఇది ఎప్పటికీ కుదరదు.

ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉన్నప్పుడు నువ్వు చేయగలిగినది కొంత ఉంది. గోడ దగ్గరి నుంచి డబ్బా దాకా ఆ సన్నని తీగ వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లు. రాగి తీగను మడిచినా అందులో కరెంటు పారుతూనే ఉంటుంది. ఫైబర్‌లో మాత్రం మడత దగ్గర వెలుగు బయటికి కారిపోతుంది. బీరువా వెనక నలిగినా, తలుపు సందులో పడినా, మిగిలిన తీగను బిగుతుగా చుట్టి రబ్బరు బ్యాండు వేసినా ఇదే జరుగుతుంది. తీగను చుట్టవలసి వస్తే అరచేతి వెడల్పుకు తగ్గని చుట్టలుగా వదులుగా చుట్టు. డబ్బాలో గుచ్చిన కొస చాలావరకు ఆకుపచ్చ రంగులో ఉంటుంది చూడు, ఆ కొనను ఎనిమిది డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంచుతారు. నీలం రంగు కొన తిన్నగా ఉంటుంది. రెండూ ఒకదానిలో ఒకటి దూరతాయి గానీ ముఖాలు కలవవు, వెలుగు చాలావరకు అక్కడే పోతుంది. ఎవరైనా నీలం కొస ఉన్న ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ తీగ ముక్క) తెచ్చి ఆకుపచ్చ దానికి తగిలించారేమో చూసుకో. కొసను ఊడదీయవలసి వస్తే కంటికి ఎదురుగా పెట్టి లోపలికి మాత్రం చూడవద్దు. అందులో నడిచే వెలుగు కంటికి కనబడదు, కనబడదు గనుక ఏమీ లేదనిపిస్తుంది, కానీ కంటికి హాని చేయగలదు. కొనను వేలితో తాకినా, నోటితో ఊదినా మురికి అంటుకుంటుంది, ముట్టకపోవడమే మేలు.

డబ్బా సెట్టింగుల పేజీలోకి వెళ్లగలిగితే ఆర్‌ఎక్స్ పవర్ అని, డబ్బాకు అందే వెలుగు ఎంతో చెప్పే ఒక అంకె కనిపిస్తుంది, అది మైనస్‌లో ఉంటుంది. సాధారణ ఇంటి ఫైబర్‌లో అది -8 నుంచి -27 డీబీఎం (వెలుగు బలానికి కొలత) మధ్య ఉండాలి. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. -20 కాస్తా -23 అయితే వెలుగు సగమైనట్టు. -20 దగ్గర ఉంటే నిశ్చింతగా ఉండు. -26, -27 దగ్గర ఊగుతూ ఉంటే నెట్ వచ్చి పోతూ ఉండడానికి అదే కారణం కావచ్చు. నెట్ బాగున్న రోజున ఆ అంకెను ఈ కాగితం వెనక రాసి పెట్టుకో, పాడైన రోజున పోల్చుకోవడానికి పనికొస్తుంది.

లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలుగుతూ ఉంటే రౌటర్‌ను అనుమానించవద్దు, ముందు అడాప్టర్‌ను అనుమానించు. ఏళ్ల తరబడి ప్లగ్గులో వేడెక్కుతూ ఉండేది అదే. ముసలిదైన అడాప్టర్ లైట్లు వెలిగించేంత కరెంటు ఇస్తుంది. పని పెరిగినప్పుడు చేతులెత్తేస్తుంది, అప్పుడు డబ్బా తనంతట తానే ఆరి లేస్తుంది. పాడైన రౌటర్ అని జనం పారేసిన వాటిలో నేను చూసినవి చాలావరకు అడాప్టర్ జబ్బుతో ఉన్నవే. కొత్తది తెచ్చేటప్పుడు డబ్బా మీద రాసిన వోల్టేజీ కచ్చితంగా అంతే ఉండాలి. ఆంపియర్లు మాత్రం అంతకంటే ఎక్కువ ఉన్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను మధ్యలో ప్లస్ ఉందా మైనస్ ఉందా అన్న గుర్తు కూడా కలవాలి.

లైట్లు బాగున్నా నెట్ రానప్పుడు కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి మూడు పింగ్‌లు కొట్టు (పింగ్ అంటే అవతలి యంత్రాన్ని పిలిచి, బదులు ఎంతసేపట్లో వస్తుందో చూడడం). మొదటిది రౌటర్‌కు, దాని చిరునామా సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, డబ్బా అడుగున రాసి ఉంటుంది. అది బదులివ్వకపోతే లోపం నీకూ రౌటర్‌కూ మధ్యనే ఉంది, బయటివాళ్లను తిట్టి లాభం లేదు. రెండవది బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8 కు. రౌటర్ పలికి ఇది పలకకపోతే లోపం రౌటర్‌లోనో అంతకు అవతలో ఉంది. మూడవది ఏదైనా వెబ్‌సైట్ పేరుకు. 8.8.8.8 నుంచి బదులు వచ్చి, పేరు మాత్రం దొరకలేదని వస్తే దారి బాగుంది, పేర్లను అంకెలుగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ పని చేయడం లేదు. రౌటర్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 లేదా 1.1.1.1 రాస్తే ఆ జబ్బు పోతుంది. ఎప్పుడైనా నీ కంప్యూటర్ ఐపీ చిరునామా 169.254 తో మొదలైతే, రౌటర్ దానికి చిరునామా ఇవ్వలేదని, అదే ఏదో ఒకటి పెట్టుకుందని గుర్తుపట్టు. ఫోనులో పరీక్షించేటప్పుడు మొబైల్ డేటాను, వీపీఎన్‌ను ఆపు. లేకపోతే వైఫై చచ్చినా ఫోను గుట్టుగా మొబైల్ డేటా మీదికి పోయి నిన్ను మోసం చేస్తుంది.

నెమ్మదిగా ఉన్నదన్న ఫిర్యాదుకు మాత్రం ఒకే నిజమైన పరీక్ష: కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి స్పీడ్ కొలవడం. కేబుల్‌తో పూర్తిగా వచ్చి వైఫైలో రాకపోతే లోపం నీ గోడల మధ్యనే ఉంది. ఇక్కడ ఒక చిన్న చిక్కు. 200, 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, కేబుల్‌తో కొలిస్తే ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతూ ఉంటే అది కంపెనీ తప్పు కాదు. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 కు రెండు చాలు. ఆ రెండూ కాక మిగతా జతల్లో ఒక్క తీగ తెగినా రెండు కొసలూ మాట్లాడుకుని 100 కు దిగిపోతాయి, ఎవరికీ చెప్పవు. నేను రీసెట్ చేసి మూడు రోజులు కూర్చున్నానని చెప్పానే, ఆ కేబుల్ జబ్బు ఇదే. కుర్చీ చక్రం కింద నలిగిన చోట పైతొడుగు మీద గోరు మందాన నొక్కు తప్ప ఏమీ కనబడలేదు. ఇంకొకటి, ప్లాన్ అంకె మెగాబిట్లలో ఉంటుంది, డౌన్‌లోడ్ అయ్యే ఫైలు మెగాబైట్లలో కనిపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 100 ప్లాన్‌కు పన్నెండున్నర కనిపిస్తే అది సరిగ్గానే ఉన్నట్టు.

వైఫై గురించి ఎక్కువ చెప్పను. రౌటర్‌ను టీవీ వెనకనో, ఇనుప బీరువాలోనో, నేల మీదనో పెట్టకు. ఇంటి నడుమ, ఎత్తున, గాలి తగిలేచోట పెట్టు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది గానీ నెమ్మది, పక్కింటివాళ్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అందులోనే తొక్కిసలాడుతూ ఉంటాయి. అందులో 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే ఒకదానిమీద ఒకటి పడవు, కాబట్టి ఆ మూడింటిలో ఒకటే ఎంచుకో. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ గోడ దాటగానే నీరసిస్తుంది. రెండింటికీ వేర్వేరు పేర్లు పెడితే ఏది పాడైందో నీకే తెలుస్తుంది.

సాయంత్రాలే పాడవుతోందన్నావు, నాకు అక్కడే అనుమానం. ఆ వేళ ఊరంతా నెట్ మీదే ఉంటుంది గనుక లైన్ కిక్కిరియడం ఒక కారణం కావచ్చు. దానికన్నా ముందు ఇంట్లో చూసుకో: అందరూ ఇంటికి చేరి వైఫైకి తగలగానే ప్రతి ఫోనూ ఆ రోజు తీసిన ఫొటోలు, వీడియోలు పైకి పంపడం మొదలుపెడుతుంది. పైకి పోయే దారి నిండిపోతే కిందికి వచ్చేది కూడా ఆగుతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతిదానికీ "అందింది" అని బదులు పైకి వెళ్లాలి, ఆ బదులు కూడా అదే వరుసలో నిలబడాలి. పరీక్ష తేలిక: పాడైన వేళలో 8.8.8.8 కు పింగ్ ఆపకుండా కొడుతూ, ఫోన్లను ఒక్కొక్కటిగా వైఫై నుంచి తప్పించు. 400, 500 మిల్లీసెకన్లు ఉన్నది ఏదో ఒక ఫోను తప్పుకోగానే 20, 30 కి పడిపోతే దొంగ దొరికినట్టే. ఆ ఫోనులో బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చు, లేదా రౌటర్‌లో క్యూఓఎస్ (ఎవరికి ఎంత వేగమో పంచే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్‌ను ఉన్నదానికన్నా పదోవంతు తక్కువకు కట్టు. అన్నీ తప్పించినా, కేబుల్‌తో కలిపినా, అంకె ఎత్తుగానే ఉంటే అప్పుడు తప్పు బయటిది.

బయటిదని తేలాక కస్టమర్ కేర్‌కు ఫోను చేసినప్పుడు "నెట్ రావడం లేదు" అనకుండా, ఏ రోజు, ఏ గంటకు, ఏ లైటు ఏ రంగులో ఉంది, ఆర్‌ఎక్స్ పవర్ ఎంత, కేబుల్‌తో స్పీడ్ ఎంత, పింగ్ ఎంత అని వరుసగా చెప్పు. ఆపి వేయమని అవతలివాళ్లు ఎలాగూ అంటారు. వేశానని చెప్పు, విసుక్కోకు, వాళ్లకు ఆ మాట అడగక తప్పదు. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోను పెట్టకు. మనిషి వస్తే యూజర్ పేరు, పాస్‌వర్డు అడిగి ఈ కాగితం మీదే రాయించుకో.

కొత్త రౌటర్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఈ రెండు మూడు సాయంత్రాలు ఒకసారికి ఒకటే మార్చి చూడు, రెండు మార్చి బాగైతే ఏది బాగు చేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నెట్ పాడైన వేళ ఎల్‌ఓఎస్, పాన్ లైట్ల రంగు, ఆర్‌ఎక్స్ పవర్ అంకె, కేబుల్‌తో కొట్టిన పింగ్ అంకె, ఈ మూడూ రాసి పంపు. మిగతాది అవి చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న