బయాప్సీలో 1ఆర్ అని వచ్చింది... కొత్త గుండెను ఒళ్లు వద్దంటోందా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఏడు నెలల కిందట గుండె మార్పిడి ఆపరేషన్ అయింది. బాగానే తిరుగుతున్నారు, ఆయాసం లేదు. మొన్నటి బయాప్సీ రిపోర్టులో 1ఆర్ అని, గుండె కండరంలో లింఫోసైట్లు ఉన్నాయని రాశారు. డాక్టర్లేమో మందులేవీ మార్చలేదు. ఆర్ అంటే రిజెక్షనే కదా? ఒళ్లు కొత్త గుండెకు అలవాటు పడ్డాక మందులు మానేయొచ్చా? ఇమ్యూనిటీ పెంచే పొడి వాడమని బంధువులు అంటున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు: పొడి వద్దమ్మా. మిగతాది తీరిగ్గా చదువుకున్నా పర్లేదు గానీ ఆ డబ్బా మూత మాత్రం తీయకండి. మీవారికి ఇస్తున్న మందులన్నీ ఇమ్యూనిటీని అదుపులో పెట్టడానికే, మళ్లీ దాన్ని పెంచే వస్తువు మనమే ఇస్తే ఎలా? అది నిజంగా పనిచేస్తే గుండెకు ముప్పు, పనిచేయకపోతే డబ్బు దండగ. పైగా కొన్ని మూలికలు రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు మోతాదును రక్తంలో పెంచేస్తాయి, కొన్ని పడగొట్టేస్తాయి.

ఇక ఆ ‘ఆర్’ సంగతి. అది రిజెక్షన్‌కు పొడి అక్షరం కాదు, రివైజ్డ్ అని. పాత గ్రేడింగును 2004లో సవరించినప్పుడు, కొత్త లెక్క అని తెలియడానికి అంకె పక్కన తగిలించారు. ఆ ఒక్క అక్షరం ఇళ్లలో ఎంత టెన్షన్ పెడుతుందో పెట్టినవాళ్లకు తట్టినట్టు లేదు. 1ఆర్ అంటే కండరం పోగుల మధ్య లింఫోసైట్లు, అంటే రోగనిరోధక పని చేసే తెల్ల రక్తకణాలు చేరాయి, కండర కణాలు దెబ్బతిన్న చోటు అసలు లేదు, ఉన్నా ఒక్కటే. అంటే ఇది రిజెక్షనే, కాకపోతే తేలికపాటిది. రెండు చోట్ల లేదా అంతకంటే ఎక్కువ చోట్ల దెబ్బ కనిపిస్తే 2ఆర్, అంతటా వ్యాపిస్తే 3ఆర్. 2ఆర్ దగ్గర్నుంచి సాధారణంగా స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. 1ఆర్ ఉండి, ఎకోలో గుండె బాగా కొట్టుకుంటూ, మనిషికి ఇబ్బంది ఏమీ లేకపోతే మందులు మార్చకుండా కనిపెట్టుకుని ఉండటమే చాలాసార్లు సరైన పని. మీ డాక్టర్లు ఊరుకున్నారని అనుకోకండి, ఆలోచించే ఆగి ఉంటారు.

ఎందుకు ఆగాలంటే, ఈ కణాలను మరీ అణిచేసినా ప్రమాదమే. 1967 డిసెంబరులో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మొదటిసారి మనిషి నుంచి మనిషికి గుండె మార్చినప్పుడు, ఆ రోగి లూయీ వాష్కాన్‌స్కీ 18 రోజులు బతికారు. ఆయన ప్రాణం తీసింది న్యుమోనియా. రిజెక్షన్ రాకూడదని ఇచ్చిన మందులతో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయి ఉంది మరి. రిజెక్షన్‌ను అదుపు చేసే సైక్లోస్పోరిన్ మందు అప్పటికి లేదు, అమెరికాలో దానికి అనుమతి 1983లో గానీ రాలేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లు ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక్కో రకం, అదే కణాల గుర్తింపు కార్డు. కొత్త గుండెతో పాటు దాత తాలూకు డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు కూడా వస్తాయి. వాటి మీద వేరే కార్డు చూడగానే మీవారి టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) లేస్తాయి. వాటిలో హెల్పర్ రకం మిగతావాటిని పిలుస్తుంది, కిల్లర్ రకం నేరుగా కండర కణాల మీద పడుతుంది, బీ కణాలు (ఇంకో రకం లింఫోసైట్లు) యాంటీబాడీలు తయారుచేసి గుండె రక్తనాళాల గోడల మీదకు పంపుతాయి. టాక్రోలిమస్ ఆ మొదటి పిలుపునే ఆపుతుంది, మైకోఫినోలేట్ కణాలు సంఖ్య పెంచుకోకుండా చూస్తుంది, స్టెరాయిడ్ మొత్తం మంటను చల్లారుస్తుంది.

అయితే బయాప్సీలో కనిపించిన ప్రతి కణమూ శత్రువు కాదు. రెగ్యులేటరీ టీ కణాలని ఉన్నాయి, తోటి టీ కణాలు రెచ్చిపోకుండా ఆపడమే వాటి పని. వీటికి సంబంధించిన పరిశోధనకే 2025లో సకాగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు వైద్య నోబెల్ వచ్చింది. గుండెతో వచ్చిన మాక్రోఫేజ్‌లలో కూడా కొన్ని గొడవను సద్దుమణిగిస్తే, కొన్ని ఎగదోస్తాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఈ నెమ్మదస్తుల బలం పెంచి, మందుల భారం తగ్గించాలని పరిశోధకులు గట్టిగానే ప్రయత్నిస్తున్నారు. అది ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు.

కాబట్టి మానేయొచ్చా అంటే, లేదు. అలవాటు పడటం కొంతవరకు నిజమే, మొదటి ఏడాది దాటితే రిజెక్షన్ భయం తగ్గుతుంది, మోతాదులూ తగ్గిస్తారు, కొందరికి స్టెరాయిడ్ పూర్తిగా తీసేస్తారు కూడా. కానీ జ్ఞాపకం పెట్టుకునే టీ కణాలు ఎన్నేళ్లయినా ఉంటాయి, పదేళ్ల తర్వాత మందులు ఆపినా అవి లేచి కూర్చుంటాయి. బాగానే ఉన్నాను కదా అన్న ధైర్యం కూడా ఇక్కడ నమ్మదగింది కాదు. మార్పిడిలో గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి, అందుకే ఏళ్ల తరబడి సన్నటి దాడి వల్ల రక్తనాళాలు మందమై పూడుకుపోతున్నా చాలామందికి ఛాతీ నొప్పి రాదు. యాంజియోగ్రామ్‌లు మళ్లీ మళ్లీ చేయించమనేది ఇందుకే.

మాత్రలు రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. టాక్రోలిమస్ పరీక్ష రోజు పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, నిమ్మజాతి పండు) ముట్టుకోవద్దు. వేరే జబ్బుకు ఏ డాక్టరు మందు రాసినా, ముఖ్యంగా టీబీ మందు రిఫాంపిసిన్, ఫంగస్ మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్స్ అయితే, మీ మార్పిడి టీమ్‌ను అడక్కుండా మొదలుపెట్టకండి. లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) వేయించకండి. జ్వరం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం, కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం, గుండె దడ, కారణం లేని నీరసం, మాత్రలు నిలవకుండా వాంతులు... వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు రెండు మాటలు అడగండి: తర్వాతి బయాప్సీ ఎప్పుడు, దాత గుండెకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయేమో రక్తపరీక్ష చేశారా అని. ఆ రెండో దాని గురించి మీ ఉత్తరంలో లేదు.